మూడు ఫ్రేముల వెనక

బొమ్మ మొదటి రోజే వచ్చింది.
రిచీ స్ట్రీట్‌లో బేరమాడి పద్దెనిమిది వందలకి తెచ్చిన
ట్యూనర్ కార్డుని పాత పెంటియం పొట్టలో దూర్చి
కేబుల్ వైరు బిగించగానే
పట్టుచీరలో అత్తగారు, మెట్ల మీద కోడలు,
పళ్ళెం జారి దొర్లడం కూడా కనిపించింది.
చప్పుడు మాత్రం లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర సీరియల్ అది.
ఆ వేళకి హైమ సాలిగ్రామంలో
గోడలకి గుడ్డ తాపడం చేసిన గదిలో
రేపటి అత్తగారి తిట్లు తిడుతూ ఉంటుంది.
నేను రాయపేట ప్రెస్సులో
ఎవరివో పెళ్ళి పత్రికలు దిద్దుతూ ఉంటాను.
పదకొండేళ్ళ పని తనది,
ఒక్కసారైనా మా ఇంట్లో మోగలేదు.
అందుకే ఈ డబ్బా.

తమిళంలో తీసిన కథకి తెలుగు గొంతు హైమది.
చీర, బొట్టు, కన్నీళ్ళు ఇంకెవరివో.
చప్పుడు లేకుండా రికార్డయిందంటే
ఆ అరగంటలో మా ఆవిడ లేనట్టే.

మంగళవారం సెలవు పెట్టి
కేసు విప్పి నేల మీద పరిచాను.
వెనకాల మూడు కన్నాలు: గులాబి, నీలం, ఆకుపచ్చ.
గులాబీలో పెడితే గర్జన.
నీలంలో పెడితే ఫ్రిజ్ మోటారు లాంటి రొద.
ఆకుపచ్చలో పెట్టి పావుగంట చూశాక తెలిసింది
అది బయటికి పోయే దారని.
పై వాటా పార్తిబన్ వచ్చాడు,
సగం తమిళం సగం తెలుగు.
"లోపల సన్న వైరు ఒకటి ఉండాలే అన్నా,
కార్డు నుంచి కార్డుకి."
ఉంది. అట్టపెట్టె అడుగున
వారంటీ కాగితం మడతలో నిద్రపోతోంది, జానెడు.
పెట్టాం.
అయినా మౌనమే.

ఆఖరికి తెర మీద మిక్సరు తెరిస్తే
జ్వరం గొట్టాల్లా వరసగా నిలువు గీతలు,
ఒక్కోదాని కింద మ్యూట్ గుర్తు.
ఎవరూ వాటి నోరు నొక్కలేదు.
ఈ యంత్రాలు మూసుకునే పుడతాయిట,
తెరవడం కొనుక్కున్నవాడి పనిట.
ఒక్క మీట.

"నా గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!"
అంది హైమ, పరాయి నోట్లోంచి,
వంటింటి గోడ అదిరేలా.
పాలగిన్నె దగ్గర పిల్లి దూకి పారిపోయింది.
పార్తిబన్ చెప్పులు వేసుకోకుండానే పైకెళ్ళాడు.

తను వచ్చేసరికి రాత్రి పదకొండు.
పనైన రాత్రి హైమ మాట్లాడదు.
ఉప్పునీళ్ళు, మిరియాల పాలు, తలుపు గడియ,
అన్నీ కనుబొమలతోనే అడుగుతుంది.
స్టూలు మీద కూర్చోబెట్టి రికార్డు పెట్టాను.
మెచ్చుకుంటుందనుకున్నాను.
రెండో మాటకే చెయ్యెత్తింది. ఆపు.
మూడు వేళ్ళు.
నాకు అర్థం కాలేదు.
వేలు పెదవి మీద పెట్టి, ఆనక చెవి మీద పెట్టింది.
మాట మూడు ఫ్రేములు వెనకబడింది.

నేను ఎన్నిసార్లు విన్నా తేడా తెలియలేదు.
ఆ మధ్య ఒక పిల్లాడికి కూడా తనే గొంతు.
వాడికి మీసాలొచ్చి ఆ పాత్ర చేజారిన రాత్రి
గుమ్మంలో నిలబడి ఇలాగే మూడు వేళ్ళు చూపించింది.
అవి ఏళ్ళు.

సెట్టింగుల్లో ఎక్కడో ఆలస్యం అనే గడి ఉంది.
వంద కొట్టాను. తల అడ్డంగా ఊపింది.
నూట యాభై. ముఖం చిట్లించింది.
నూట ఇరవై.
కళ్ళు మూసుకుంది, కాసేపు.

తరవాత తెర వైపు కాదు, నా వైపు తిరిగింది.
డబ్బాలో అత్తగారు శాపనార్థాలు అందుకుంది.
ఎదురుగా హైమ, చప్పుడు లేకుండా
అవే మాటలు పెదవులతో, నన్నే చూస్తూ:
నీ పొయ్యిలో పిల్లి లేవకపోనూ,
నీ కుండలో గింజ ఉడక్కపోనూ.
ఒక్క ఫ్రేము తప్పలేదు.

ఇంత చక్కగా నన్నెవరూ తిట్టలేదు.
వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను.